పాప తినే సీరియల్‌లో సీసం, ఆర్సెనిక్ ఎంత? ఇంట్లోనే లెక్క వేసుకునే పద్ధతి

ముందే ఒక మాట చెప్పేస్తాను. డబ్బా సీరియల్ అయినా, మీ అమ్మగారు ఊర్లో బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టించి పంపిన ఉగ్గు అయినా, ఇక్కడ బెంగళూరు అంగళ్ళలో దొరికే రాగి సరి (పిల్లలకి జావ కాచే రాగి పిండి) అయినా, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటి విష లోహాలు అసలు లేనిది ఏదీ ఉండదు. అవి నేలలో ఉంటాయి, నీళ్ళలో ఉంటాయి, అక్కడి నుంచి గింజలోకి ఎక్కుతాయి. కాబట్టి "ఇందులో ఉందా లేదా" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఉందనే వస్తుంది, దానివల్ల టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు. ఎంత ఉంది, అందులో రోజుకి ఎన్ని గ్రాములు బిడ్డ కడుపులోకి పోతోంది, బిడ్డ బరువెంత అన్న మూడూ తెలిస్తే ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు.

పెద్దవాళ్ళకి లేని బాధ పిల్లలకెందుకంటే, బరువుతో పోల్చి చూస్తే వాళ్ళు మనకంటే చాలా ఎక్కువ తింటారు. పైగా ఒకే రకం రోజూ తింటారు. సీసం విషయంలో ఇంకో చిక్కుంది: పెద్దవాళ్ళ పేగులు మింగిన సీసంలో పదో వంతు దాకా పీల్చుకుంటే, పసిపిల్లల పేగులు సగం దాకా పీల్చుకుంటాయి. ఒంట్లో ఐరన్ తక్కువుంటే ఇంకా ఎక్కువ.

మొదట తిండి లెక్క రాయండి

మూడు రోజులు చాలు. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే బయటికి తీయండి. పాలు, నీళ్ళు కలపకముందు, పొడిగా ఉన్నప్పుడే తూచాలి, ఎందుకంటే రిపోర్టుల్లో వచ్చే అంకెలు దాదాపు అన్నీ పొడి లెక్కలోనే ఉంటాయి, కలిపిన జావని తూచి ఆ అంకెతో గుణిస్తే లెక్క ఐదారు రెట్లు తప్పుతుంది. డబ్బాతో వచ్చిన స్కూప్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉన్నా నమ్మకండి, ఒకసారి మీరే నింపి తూచండి, మనం పోసే తలకొట్టని స్కూప్‌కి వాళ్ళు చెప్పే సమానమైన స్కూప్‌కి చాలా తేడా ఉంటుంది. మిగిలింది ఎంత, బిబ్ మీద, నేల మీద, మీ చొక్కా మీద పడింది ఎంత అనేది సుమారుగా తీసేయండి. ఇక్కడ మరీ పట్టింపు అక్కర్లేదు.

ఏ గింజతో చేసినదో కూడా పక్కనే రాయండి. మల్టీగ్రెయిన్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నా వెనక్కి తిప్పి చూస్తే మొదటి పేరు బియ్యమో గోధుమో అయి ఉంటుంది. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నదే ముందు రాయాలి కాబట్టి మొదటి రెండు పేర్లు చూస్తే విషయం తెలిసిపోతుంది. మరమరాలు, రైస్ పఫ్స్, బియ్యప్పిండి బిస్కెట్లు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి, వాటిని అందరూ మర్చిపోతారు.

బరువు టీకాల పుస్తకంలోనో తాయి కార్డులోనో (కర్ణాటకలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) ఉంటుంది. రెండు నెలల పాతదైతే మళ్ళీ తూయించండి.

తర్వాత, పొడిలో ఎంతుందో తెలుసుకోవాలి

ఇది కష్టమైన పని, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మూడు దారులున్నాయి.

తేలికైన దారి, కంపెనీకి మెయిల్ పెట్టడం. బ్యాచ్ నంబర్ రాసి, ఆ బ్యాచ్‌కి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం టెస్ట్ రిపోర్ట్ పంపమని అడగండి. "మా ఉత్పత్తులన్నీ నిబంధనలకు లోబడే ఉన్నాయి" అని రెండు లైన్లు వస్తే అది జవాబు కాదు, అంకెలు కావాలని ఇంకోసారి అడగండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసి, 2024 నుంచి బేబీ ఫుడ్ కంపెనీలు నెలకోసారి ఈ నాలుగు లోహాలకీ పరీక్ష చేయించాలని, 2025 నుంచి ఆ ఫలితాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది. అంటే ఈ అంకెలు ఇవ్వడం కంపెనీలకి చేతకాని పనేం కాదు.

రెండోది ల్యాబ్. పీణ్య, వైట్‌ఫీల్డ్ వైపు ప్రైవేటు ఫుడ్ ల్యాబ్‌లు ఉన్నాయి. వెళ్ళేముందు ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఆ ల్యాబ్ స్కోప్, అంటే గుర్తింపు ఉన్న పరీక్షల జాబితా, తెరిచి చూడండి, అందులో శిశు ఆహారం అనే వర్గం ఉందా, లోహాల పరీక్ష ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం మీద చేస్తారా, ఎంత తక్కువ దాకా కొలవగలరు అనేవి రాసి ఉంటాయి. తర్వాత ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "సీసానికి మీ ఎల్‌ఓక్యూ ఎంత?"

ఎల్‌ఓక్యూ అంటే ఆ ల్యాబ్ నమ్మకంగా కొలవగలిగే అతి తక్కువ మోతాదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, కిలోకి 0.1 మిల్లీగ్రాము అని చెప్పారనుకోండి, మీ పొడిలో 0.09 ఉన్నా రిపోర్టులో "బీఎల్‌క్యూ" అని, అంటే కొలత కంటే తక్కువ అని వస్తుంది. మీరు హమ్మయ్య అనుకుంటారు. కానీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో పొడి సీరియల్‌కి సీసం విషయంలో పెట్టిన గీత 20 పీపీబీ, అంటే కిలోకి 0.02 మిల్లీగ్రాము. యూరప్‌లో కూడా పసిపిల్లల సీరియల్స్‌కి అదే 0.02. ఆ 0.09 అంటే గీతకి నాలుగున్నర రెట్లు, అయినా కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సీసానికి 0.01 లేదా అంతకంటే తక్కువ కొలవగలిగే ల్యాబే కావాలి. పెద్దవాళ్ళ తిండికి, మసాలాలకి వాడే పద్ధతినే పిల్లల పొడికీ వాడి డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారు, అందుకే ఈ ప్రశ్న డబ్బు కట్టకముందు అడగాలి.

ఆర్సెనిక్‌కి ఇంకో మెలిక ఉంది. దానికి రెండు రూపాలు, అందులో ఇనార్గానిక్ అనేదే ప్రమాదకరం. దాన్ని విడదీసి కొలవాలంటే ఖర్చెక్కువ, అన్ని ల్యాబ్‌లూ చేయవు. మొత్తం ఆర్సెనిక్ చేయించుకున్నా ఫర్వాలేదు, మన వైపు బియ్యంలో ఎక్కువ భాగం ఇనార్గానిక్ రూపమే కాబట్టి మొత్తాన్నీ ఇనార్గానిక్ కింద లెక్కేసుకుంటే నిజం కంటే కాస్త ఎక్కువ వస్తుంది, తక్కువ రాదు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఒకే బ్యాచ్‌వి రెండు సీల్డ్ ప్యాకెట్లు కొని ఒకటి ఇవ్వండి, ఒకటి బిల్లుతో సహా దాచండి. ఇంటి ఉగ్గు అయితే మొత్తం బాగా కలిపి కొత్త జిప్ కవర్‌లో పోసి, బియ్యం ఎక్కడివి, ఎప్పుడు పట్టించారు అని రాసి పెట్టుకోండి. నాలుగిళ్ళవాళ్ళు కలిసి తలా కొంత వేసుకుంటే ఖర్చు సర్దుబాటవుతుంది, మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు ఇలాంటి వాటికైనా పనికొస్తాయి.

మూడో దారి, ఏ అంకే దొరకనప్పుడు. నియంత్రణ సంస్థలు గరిష్ఠంగా ఎంత ఒప్పుకుంటాయో అంతా మీ డబ్బాలో ఉందనుకుని లెక్కేయండి. సీసానికి 20 పీపీబీ, బియ్యం సీరియల్‌లో ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కి 100 పీపీబీ (ఎఫ్‌డీఏ 2020లో పెట్టింది), కాడ్మియానికి యూరప్ గీత 40 పీపీబీ. మన దేశంలో అయితే కలుషితాల మీద 2011 నిబంధనలు, శిశు ఆహారాల మీద 2020 నిబంధనలు ఉన్నాయి, మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ సైట్‌లో సవరణలతో కలిపిన తాజా ప్రతి దింపుకుని చూడండి.

యూట్యూబ్‌లో నీళ్ళలో కలిపి రంగు చూసే టెస్టులు కల్తీ పట్టడానికి కొంత పనికొస్తాయేమో గానీ, కిలోలో కొన్ని మైక్రోగ్రాముల లోహాన్ని ఇంట్లో ఎవరూ పట్టలేరు.

ఇప్పుడు లెక్క

యూనిట్లు సరిచూసుకోండి. రిపోర్టులో కిలోకి మిల్లీగ్రాముల్లో ఉంటే వెయ్యితో గుణించండి, అది పీపీబీ. 1 పీపీబీ అంటే కిలో పొడిలో 1 మైక్రోగ్రాము.

పీపీబీని రోజూ తినే గ్రాములతో గుణించి 1000తో భాగిస్తే రోజుకి ఎన్ని మైక్రోగ్రాములో వస్తుంది. దాన్ని బిడ్డ బరువుతో భాగిస్తే కిలో బరువుకి ఎంతో వస్తుంది. అంతే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 8 కిలోల బాబు, రోజుకి 40 గ్రాముల బియ్యం సీరియల్ తింటున్నాడు. రిపోర్టులో, కిలోకి మిల్లీగ్రాముల్లో, ఆర్సెనిక్ 0.08, కాడ్మియం 0.015, సీసం "బీఎల్‌క్యూ", ఎల్‌ఓక్యూ 0.02.

సీసంతో మొదలుపెడదాం. బీఎల్‌క్యూని సున్నా అని రాయకండి. రెండుసార్లు లెక్కేయండి, ఒకసారి సున్నా అనుకుని, ఒకసారి ఎల్‌ఓక్యూ అంతా ఉందనుకుని. నిజం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఎక్కువ వైపు చూస్తే 20 × 40 ÷ 1000 = 0.8 మైక్రోగ్రాములు. పిల్లలకి రోజుకి తిండి ద్వారా వచ్చే సీసానికి ఎఫ్‌డీఏ 2022లో సూచించిన అంకె 2.2 మైక్రోగ్రాములు, ఇది రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయికి చేర్చే మోతాదుకి పదో వంతు దగ్గర పెట్టిన గుర్తు. మన బాబుకి సీరియల్ ఒక్కదాని నుంచే అందులో మూడో వంతు పైన వస్తోంది. మిగతా తిండి, నీళ్ళు ఇంకా కలపలేదు. సీసానికి ఇంత దాకా సురక్షితం అనే గీత లేదు, ఒకప్పుడు అంతర్జాతీయ నిపుణుల కమిటీ జెఈసీఎఫ్ఏ వారానికి కిలో బరువుకి 25 మైక్రోగ్రాములు ఒప్పుకునేది, 2010లో దాన్నే వెనక్కి తీసుకుంది.

కాడ్మియం: 15 × 40 ÷ 1000 = 0.6, బరువుతో భాగిస్తే 0.075, వారానికి 0.525. యూరప్ గీత వారానికి కిలో బరువుకి 2.5 మైక్రోగ్రాములు. ఐదో వంతు, ఫర్వాలేదు.

ఆర్సెనిక్ దగ్గరే తలనొప్పి. 80 × 40 ÷ 1000 = 3.2 మైక్రోగ్రాములు, కిలో బరువుకి 0.4. దీన్ని దేనితో పోల్చాలి? జెఈసీఎఫ్ఏ 2010లో వాడిన గుర్తు కిలో బరువుకి రోజుకి 3 మైక్రోగ్రాములు, దాంతో పోలిస్తే మనం ఏడెనిమిది రెట్లు కింద ఉన్నాం. యూరప్ ఆహార సంస్థ 2024లో తీసుకున్న గుర్తు 0.06, దాంతో పోలిస్తే ఆరేడు రెట్లు పైన ఉన్నాం. ఇదేం గందరగోళం అంటే, ఈ రెండూ దాటగానే జబ్బు చేసే గీతలు కావు, ఏళ్ళ తరబడి తింటే క్యాన్సర్ రిస్క్ కొలవదగ్గంత పెరిగే చోటుని ఒక్కొక్కరు ఒక్కో ఆధారంతో గుర్తించారు. కాబట్టి నిన్న తిన్న గిన్నె గురించి భయపడనక్కర్లేదు. కానీ రెండేళ్ళ పాటు రోజూ అదే పెట్టాలా అని మాత్రం ఆలోచించాలి, నా అభిప్రాయంలో పెట్టకూడదు.

ఆ అంకెని తగ్గించడం

బ్రాండ్ మార్చడం కంటే గింజ మార్చడం వల్ల లాభం ఎక్కువ. వరి నీళ్ళు నిలవగట్టిన మడిలో పెరుగుతుంది, ఆ మట్టిలో గాలి ఆడదు, దాంతో ఆర్సెనిక్ కరిగి వేళ్ళకి అందుతుంది. రాగులు, జొన్నలు, గోధుమలు ఆరు తడి నేలలో పెరుగుతాయి కాబట్టి ఆ బెడద బాగా తక్కువ. పై బాబుకి బియ్యం సీరియల్ వారంలో రెండు రోజులకి తగ్గించి మిగతా రోజులు రాగి జావ, గోధుమ రవ్వ, పెసరపప్పు కట్టు అలా తిప్పితే, బియ్యం నుంచి వచ్చే ఆర్సెనిక్ సగటున రోజుకి 3.2 నుంచి 0.9కి దిగుతుంది. పైసా ఖర్చు లేదు. పైగా రాగుల్లో కాల్షియం ఉంది, కాల్షియం, ఐరన్ సరిగ్గా అందే పిల్లల ఒంట్లోకి సీసం తక్కువ ఎక్కుతుంది.

బ్రౌన్ రైస్ అయితే మంచిదని కొంటుంటారు. పసిపిల్లలకి ఈ విషయంలో అది తిరగబడుతుంది, ఆర్సెనిక్ తవుడు పొరలోనే ఎక్కువగా ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో తక్కువ. ఆర్గానిక్ అనే ముద్ర కూడా దీనికి పనికిరాదు, పురుగుమందు కొట్టకపోయినా నేల అదే నేల.

అన్నం మెత్తగా పిసికి పెట్టే వయసొస్తే కుక్కర్ పక్కన పెట్టి ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చండి. బియ్యానికి ఆరు నుంచి పది రెట్లు నీళ్ళు పోసి వారిస్తే ఇనార్గానిక్ ఆర్సెనిక్‌లో 40 నుంచి 60 శాతం గంజితో పోతుంది. కొన్ని బి విటమిన్లు కూడా పోతాయి, పప్పు, కూరలతో సర్దుకోవచ్చు. ఆ గంజి మాత్రం పాపకి తాగించకండి, బలం అని పెద్దవాళ్ళు పట్టుబడతారు, వాళ్ళని ఒప్పించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టం. ఉగ్గుకి ఇది కుదరదు, బియ్యాన్ని నాలుగైదు సార్లు బాగా కడిగి ఆరబెట్టి పట్టించండి, కొంత తగ్గుతుంది.

నీళ్ళు, గిన్నెలు

సీరియల్ మీద ఇంత లెక్క వేసి నీళ్ళని వదిలేస్తే పనంతా వృథా. తాగునీటిలో సీసానికి, ఆర్సెనిక్‌కి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు. నీళ్ళు సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాయనుకోండి, డబ్బా పాలకీ జావకీ కలిపి రోజుకి 600 మిల్లీలీటర్లు వాడితే 6 మైక్రోగ్రాముల సీసం. సీరియల్ నుంచి వచ్చిన 0.8 ఎక్కడ, ఇదెక్కడ!

బెంగళూరులో చిక్కేమిటంటే కావేరి నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి, వేసవిలో ట్యాంకర్ ఏ ఊరి బోరు నుంచి తెచ్చాడో వాడికే తెలియదు. కాబట్టి సంపు నీళ్ళని కాకుండా వంటింటి కుళాయి నీళ్ళని, ఫిల్టర్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి పరీక్ష చేయించండి. కాచితే లోహాలు పోవు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ఆర్వో సరిగ్గా పనిచేస్తుంటే చాలావరకు తీసేస్తుంది, మెంబ్రేన్ మార్చి ఎంతకాలమైందో చూసుకోండి. పాత భవనమైతే పొద్దున్నే మొదటి నీళ్ళు కాసేపు వదిలేసి పట్టుకోండి.

గిన్నెల సంగతి క్లుప్తంగా: కళాయి పూసిన ఇత్తడి, తుక్కు కరిగించి పోసిన నాసిరకం అల్యూమినియం, రంగుల పింగాణీ, వీటిలో పిల్లల వంట వద్దు. స్టీలు చాలు. కాటుక, సింధూరం బిడ్డ చేతికి, నోటికి అందకుండా చూడండి, కొన్నింట్లో సీసం ఉంటుంది. విడిగా అమ్మే పసుపుకి లెడ్ క్రోమేట్ కలిపే మోసం కూడా ఉంది, మెరిసిపోయే పసుపు కొనకండి, కొమ్ములు తెచ్చి పట్టించుకోండి. లోహాలతో చేసే ఆయుర్వేద రసౌషధాలు, భస్మాలు పసిపిల్లలకి సొంతంగా వేయకండి.

రక్త పరీక్ష ఎప్పుడు

లెక్కలో సీసం 2.2 దాటినా, ఇల్లు పాత పెయింట్ ఊడుతున్నా, ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, సోల్డరింగ్, పెయింటింగ్ పనులు చేస్తున్నా, పిల్లల డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం చేయించండి. వేలు గుచ్చి తీసిన దాంట్లో ఎక్కువొస్తే చర్మం మీది దుమ్ము కారణం కావచ్చు, నరం నుంచి తీసి మళ్ళీ చూడాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోమంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దాటితే కారణం వెతకమంటుంది. లోహాన్ని బయటికి లాగే చీలేషన్ మందులు సాధారణంగా 45 దగ్గర మొదలుపెడతారు, అంతకంటే తక్కువకి ఎవరైనా డీటాక్స్ అంటూ ఏదైనా అమ్మితే లేచి వచ్చేయండి. వెంట్రుకల పరీక్షకి డబ్బు తగలేయకండి. డాక్టర్‌కి ఇందులో అనుభవం లేదనిపిస్తే, సీసం విషప్రభావం మీద జాతీయ రెఫరల్ కేంద్రం పెట్టింది మన బెంగళూరు సెయింట్ జాన్స్‌లోనే, అక్కడ వాకబు చేయండి. తల్లిపాలు మాత్రం ఈ భయంతో ఆపకండి.

రిపోర్టులో అంకె నిజంగానే గీత దాటితే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టండి, ప్యాకెట్ మీదున్న 14 అంకెల లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, బిల్లు ఫొటో, ల్యాబ్ రిపోర్టు జతచేయండి, దాచిన రెండో ప్యాకెట్ సీల్ విప్పకండి. ప్రభుత్వ ఫుడ్ అనలిస్ట్ చేతే పరీక్ష చేయించాలనుకుంటే 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్న ఎవరైనా ఫీజు కట్టి చేయించుకోవచ్చు, కాకపోతే కొనేటప్పుడే అంగడివాడికి ఆ మాట చెప్పాలి, కాబట్టి అందుకోసం కొత్త ప్యాకెట్ కొనాల్సి ఉంటుంది.